పొగకు యజమాని ఎవడు?

నిప్పులేనిదే పొగ రాదని మన సామెత. తర్కశాస్త్రం అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధ ఉదాహరణగా స్వీకరించిందీ ఈ మాటనే. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం చదివిన ప్రతి విద్యార్థికీ ఇది పరిచితం. కొండమీద పొగ కనిపిస్తున్నది. కనుక కొండమీద నిప్పున్నది. పొగ హేతువు, నిప్పు సాధ్యం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండటం వ్యాప్తి. వంటశాల దృష్టాంతం.

ఈ తార్కికుడికి ఒక వెసులుబాటు ఉంది. అతడు చూసే పొగ నిప్పున్న కొండమీదనే ఉంది. ఆ పొగ కొండను వదిలి, సముద్రం దాటి, వెయ్యి మైళ్ళ అవతల వానచినుకులో కరిగి, కంటికి కనిపించకుండా ఎవరి చెరువులోనో దిగితే? అక్కడ చేపలు చచ్చి తేలుతాయి. ఆ చేపలను చూసి నిప్పు ఎక్కడున్నదో, దాన్ని రాజేసి లాభం తీసినవాడెవడో చెప్పగల తార్కికుడెవడు?

గాలిని కొలిచే శాస్త్రం ఎదిగిన తీరును ఈ ప్రశ్న వెలుగులో చూడాలని నా ఉద్దేశం. పెట్టుబడి తన పొగను తనకు దూరంగా సాగనంపి, పొగకూ నిప్పుకూ ఉన్న వ్యాప్తిని తెంచింది. కొలత ఆ వ్యాప్తిని మళ్ళీ ముడివేసింది. అయితే అది జరిగింది పొగ సోకినవాడికి త్రాసు అందినచోట మాత్రమే. నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. రసాయనశాస్త్రంలో తీర్పులు చెప్పే అధికారం నాకు లేదు. కాని ఆ త్రాసు ఎప్పుడు, ఎవరికోసం, ఎవరి చేతికి వచ్చిందన్నది చరిత్ర ప్రశ్న. దానిని ఎవరైనా అడగవచ్చు, అడిగి తీరాలి.

పొగమీద ఫిర్యాదు కొత్తది కాదు. 1661లో జాన్ ఎవెలిన్ అనే ఇంగ్లీషు రచయిత ‘ఫ్యూమిఫ్యూజియం’ అనే చిన్న పుస్తకం రాసి రెండవ చార్లెస్ రాజుకు సమర్పించాడు. లండన్‌లో బీరు కాచేవారూ, అద్దకంవారూ, సున్నపుబట్టీలవారూ, సబ్బు వండేవారూ కాల్చే బొగ్గు నగరాన్ని మసిపట్టిస్తున్నదనీ, ఆ పొగ రాజభవనంలోకే చొరబడుతున్నదనీ అతని ఆవేదన. చికిత్సగా అతడు చెప్పినదేమంటే, ఆ వృత్తులను థేమ్స్ నది దిగువకు కొన్ని మైళ్ళ దూరం తరలించి, నగరం చుట్టూ పరిమళించే పొదలు నాటడం. నది దిగువన బతికేవారు ఏ గాలి పీల్చాలన్న చింత ఆ ప్రణాళికలో లేదు. పొగను ఆపే ఊసు లేకుండా దాని చోటు మార్చే ఈ ఆలోచన, తర్వాతి మూడు శతాబ్దాలలో రకరకాల వేషాలతో మనకు ఎదురవుతుంది.

పారిశ్రామిక విప్లవం ఈ ఆలోచనను ఇటుకతో కట్టింది. ఉప్పునుంచి సోడా తీసే పద్ధతిని ఫ్రాన్సులో నికొలా లెబ్లాంక్ 1791 నాటికి సిద్ధం చేశాడు. బట్టల మిల్లుకూ, సబ్బుకూ, గాజుకూ సోడా ప్రాణం వంటిది. 1820 దశకంలో ఉప్పుమీద పన్ను తొలగగానే ఆ పరిశ్రమ ఇంగ్లండులో లివర్‌పూల్, సెయింట్ హెలెన్స్ ప్రాంతాలలో అల్లుకుపోయింది. ఉప్పులో గంధకామ్లం పోసి కాచినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి లేస్తుంది. దాన్ని పట్టి నిలవచేయడం యజమానులకు గిట్టుబాటుగా తోచలేదు; గాలిలోకి వదిలేశారు. చుట్టుపక్కల పైర్లు మాడిపోయాయి. చెట్లు మోడులయ్యాయి. కోర్టులలో దావాలు పడ్డాయి.

దావాలకు యజమానులు గొట్టం ఎత్తుతో జవాబిచ్చారు. 1842లో గ్లాస్గోలోని సెయింట్ రోలాక్స్ సోడా కర్మాగారంలో 435 అడుగుల పొగగొట్టం లేచింది. ఎత్తైన గొట్టం విషాన్ని రవ్వంతైనా తగ్గించదు. గొట్టం మొదట నిలబడ్డవాడికి అది పలచబడుతుంది. పలచబడినదే మరింత నేలమీద పరుచుకుంటుంది. అంతేకాదు, దావా వేసిన రైతుకు అది కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. ఒకే ఊళ్ళో పది గొట్టాలున్నప్పుడు తన చేను మాడ్చింది ఏ గొట్టమో అతడే రుజువు చేయాలి. పొగ ఉమ్మడిదైంది, లాభం మాత్రం ఎవరిది వారికే!

దీనికి విరుగుడు అప్పటికే లేకపోలేదు. ఆవిరి పైకి పోతుంటే పైనుంచి నీళ్ళు దిగి దానిని కరిగించే గోపురాన్ని విలియం గాసేజ్ 1836లోనే రూపొందించాడు. చట్టం రావడానికి మరో ఇరవైయేడేళ్ళు పట్టింది. ఆ చట్టాన్నైనా కదిలించినది సెయింట్ హెలెన్స్ కార్మికుల దగ్గు కాదు. 1862లో ప్రభువుల సభలో విచారణ సంఘం కావాలని అడిగిన లార్డ్ డెర్బీ ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి. భూస్వాముల చెట్లు ఎండిపోవడంతో పార్లమెంటు మేలుకున్నది. 1863 నాటి ఆల్కలీ చట్టం, ఆమ్లపు ఆవిరిలో నూటికి 95 వంతులు కర్మాగారంలోనే కరిగించి పట్టాలని శాసించింది.

ఆ చట్టాన్ని అమలుజరపడానికి నియమితుడైన మొదటి ఇన్‌స్పెక్టరు రాబర్ట్ ఆంగస్ స్మిత్. గాలిని కొలవడమన్న పనికి ఇతణ్ణి ఆద్యులలో ఒకడనవచ్చు. 1852లోనే అతడు మాంచెస్టర్ వాననీటిని పరీక్షించి ఒక క్రమం కనిపెట్టాడు. దూరపు పొలాలలో కురిసే వానలో ఒక రకం లవణం, ఊరి శివార్లలో మరొక రకం, నడిబొడ్డున ఏకంగా గంధకామ్లం! అంటే వానచినుకులో నగరపు పటం గీసి ఉందన్నమాట. 1872లో వెలువడిన తన గ్రంథంలో ‘ఆమ్లవర్షం’ అన్న మాటను వాడిందీ అతడే. కొలతవల్ల ఆల్కలీ చట్టం మాటల దశ దాటి అమలులోకి వచ్చింది. ఇది కాదనరాని విజయం.

ఆ త్రాసు తూచకుండా వదిలిన వాటిని కూడా మనం గమనించాలి. గంధకామ్లానికి మూలమైన బొగ్గుపొగ ఆ చట్టం పరిధిలోకి రాలేదు. రావాలంటే ప్రతి మిల్లు గొట్టాన్నీ ప్రశ్నించవలసి ఉండేది. కర్మాగారం లోపల ముక్కుకూ నోటికీ గుడ్డమడతలు కట్టుకుని, ఆమ్లపు ఆవిరిలో పళ్ళు పుచ్చిపోతుండగా పనిచేసిన కూలీ పీల్చిన గాలి కూడా ఆ పరిధిలోకి రాలేదు. గోడ దాటి భూస్వామి పొలం మీదికి పోయిన ఆవిరి నేరమైంది. గోడలోపల కూలీ ఊపిరిలోకి పోయినది వృత్తిధర్మమైంది. కొలతకు కూడా వర్గస్వభావం ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి?

ఇరవయ్యో శతాబ్దంలో రెండు దుర్ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే కొలత విలువ మరింత స్పష్టమవుతుంది. 1930 డిసెంబరు మొదటివారంలో బెల్జియంలోని మ్యూజ్ నదిలోయలో మంచూ పొగా కలిసి నిలిచిపోయాయి. లోయలో అరవైమందికి పైగా చనిపోయారు. విచారణ జరిపినవారి దగ్గర ఆ రోజులలో గాలిలో ఏమున్నదో తెలిపే అంకె ఒక్కటీ లేదు. శవపరీక్షలనూ, కర్మాగారాలలో వాడిన ముడిసరుకులనూ బట్టి గంధక సమ్మేళనాలే కారణమని వారు ఊహించవలసివచ్చింది. వారిలో ఒకరైన జాన్ ఫిర్కే, ఇదే లండన్‌లో జరిగితే 3,200 మంది చనిపోతారని లెక్కగట్టి హెచ్చరించాడు. ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు లేరు.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌లో సరిగ్గా అదే జరిగింది. సాధారణంగా నేల దగ్గరి గాలి వెచ్చగా ఉండి పైకి లేస్తుంది, దానితో పొగా లేస్తుంది. ఆ ఐదురోజులూ కింద చల్లగాలి, పైన వెచ్చగాలి. కుండకు మూత పెట్టినట్టయింది. గాలి కదలలేదు. లక్షల ఇళ్ళ పొయ్యిలూ, విద్యుత్కేంద్రాలూ వదిలిన పొగ ఆ మూత కిందనే పేరుకున్నది. అయితే లండన్‌లో అప్పటికే పొగనూ సల్ఫర్ డయాక్సైడ్‌నూ కొలిచే కేంద్రాలున్నాయి. రోజువారీ పొగ రేఖా, రోజువారీ మరణాల రేఖా ఒకే కాగితంమీద గీయగానే రెండూ కలిసి లేచి కలిసి దిగాయి. నాలుగువేలమంది చనిపోయారని ఆనాటి ప్రభుత్వ లెక్క. తర్వాతి నెలలలో పోయినవారిని ఆ లెక్క ఫ్లూ జ్వరం ఖాతాలో వేసింది. 2001లో ఆ అంకెలను తిరగదోడిన పరిశోధకులు మొత్తం సుమారు పన్నెండువేలని తేల్చారు. మ్యూజ్ లోయ చావులు ఊహగా మిగిలాయి. లండన్ చావులు 1956లో స్వచ్ఛవాయు చట్టమయ్యాయి. ఈ తేడాకు ఆ కాగితం కూడా ఒక కారణం.

పొగ ఎలా ప్రయాణిస్తుందన్న శాస్త్రం మరో దారిలో పెరిగింది. ఆ దారి అంత పవిత్రమైనది కాదు. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును శత్రువు కందకాలమీదికి వదిలింది. అప్పటినుంచి విషవాయువు గాలిలో ఎంతదూరం పోతుంది, ఎంత పలచబడుతుంది అన్నది సైనిక రహస్యమైంది. 1921లో జి. ఐ. టేలర్ అల్లకల్లోలపు గాలిలో కణాలు ఎలా చెదురుతాయో గణితం కట్టాడు. బ్రిటిషు రసాయన యుద్ధ పరిశోధనకేంద్రమైన పోర్టన్‌లో పనిచేసిన ఓ. జి. సటన్ దానిని ముందుకు తీసుకుపోయాడు. అక్కడే పనిచేసిన పాస్క్విల్ 1961లో ఎండ, మబ్బు, గాలివేగాలను బట్టి వాతావరణపు నిలకడను ఆరు తరగతులుగా విభజించాడు. ఈనాడు ఏ కర్మాగారం అనుమతికైనా వేసే పొగలెక్క వెనుక ఈ వారసత్వం ఉంది. మనిషిని చంపడానికి వేసిన లెక్కనే, మనిషి చావకుండా గొట్టం ఎంత ఎత్తుండాలో చెప్పడానికి వాడుకున్నారు.

ఆ లెక్క చెప్పినట్టే 1960 దశకం నుంచి బ్రిటన్‌లోనూ, ఇతర దేశాలలోనూ గొట్టాలు ఆకాశాన్ని తాకాయి. 1970 దశకంలో ఉత్పత్తి మొదలుపెట్టిన డ్రాక్స్ విద్యుత్కేంద్రం గొట్టం 259 మీటర్లు. కెనడాలోని సడ్‌బరీ నికెల్ కర్మాగారంలో 1972లో వాడకానికి వచ్చిన గొట్టం 381 మీటర్లు. చుట్టుపక్కల ఊళ్ళ గాలి నిజంగానే తేటపడింది. కాని పైకెత్తిన గంధకం ఎక్కడికి పోయింది? సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఒకటి రెండు రోజులు తిరిగేసరికి అతిసూక్ష్మమైన సల్ఫేటు కణాలుగా మారుతుంది. ఆ కణాలు వందల మైళ్ళు పోయి వానతో దిగుతాయి.

దిగినచోటు స్కాండినేవియా. ఇక్కడ సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోదగ్గ విషయం ఒకటున్నది. బ్రిటన్ బొగ్గుపొగ నార్వే పచ్చదనంమీద కమ్ముకోవడాన్ని ఇబ్సెన్ 1866 నాటి ‘బ్రాండ్’ నాటకంలోనే ప్రస్తావించాడు. రచయిత కన్ను నూరేళ్ళ ముందే చూసింది. కాని రచయిత చూపు కోర్టులో సాక్ష్యం కాదు, దౌత్యంలో అంకె కాదు. ఆ అంకె స్వీడన్ వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఊరూరా పెట్టిన వాననీటి పాత్రలనుంచి వచ్చింది. పైరుకు వానతో ఎంత ఎరువు అందుతున్నదో తెలుసుకోవడానికి మొదలైన కొలత అది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నీరు ఆమ్లమవుతున్నట్టు ఆ పట్టికలే చెప్పాయి. 1967లో స్వాంటే ఒడెన్ అనే మృత్తికా శాస్త్రజ్ఞుడు వానల ఆమ్లతనూ, గాలుల దారినీ, చేపల చావునూ ఒక్కచోట చేర్చి దినపత్రికలో రాశాడు. దేశాలమధ్య ఇది రసాయన యుద్ధమన్నాడు.

అక్కడినుంచి లెక్కల పోరాటం మొదలైంది. 1972లో పదకొండు పశ్చిమ ఐరోపా దేశాలు కలిసి కొలతలు చేపట్టాయి. స్వీడన్, నార్వేలమీద పడే గంధకంలో సగానికి పైగా పరదేశపుదేనని 1977లో తేలింది. ఆ తర్వాత ఐరోపా అంతటికీ ఒక శాశ్వత కొలత వ్యవస్థ ఏర్పడింది. గ్రామ కరణం పద్దుపుస్తకంలా ఒక పెద్ద పట్టిక అది. అడ్డవరసలో పంపిన దేశం, నిలువువరసలో పుచ్చుకున్న దేశం, గడిలో టన్నులు. 1979 నవంబరులో జెనీవాలో ఒప్పందం కుదిరింది. గంధకాన్ని నూటికి 30 వంతులు తగ్గిస్తామని 1985లో హెల్సింకీలో పలు దేశాలు సంతకం చేశాయి. ఆ పట్టికలో పెద్ద అప్పుపడ్డ బ్రిటన్ సంతకం పెట్టలేదు! అయినా పట్టిక ముందు ఎంతోకాలం నిలవలేకపోయింది. 1980తో పోలిస్తే ఈనాడు ఐరోపాలో గంధకపు పొగ నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గింది.

ఈ చరిత్రను పెట్టుబడిదారీ దేశాల దోషచరిత్రగా మాత్రమే చెప్పి ముగించడం మనవంటివారికి సులభం. అది సత్యం కాదు. తూర్పు జర్మనీ, పోలండు, చెకొస్లొవేకియాల సరిహద్దులు కలిసేచోట లిగ్నైటు కాల్చిన విద్యుత్కేంద్రాలు కొండలమీది అడవులను మోడులుగా మార్చాయి. ఆ ప్రాంతాన్ని ‘నల్ల త్రికోణం’ అన్నారు. ఉత్పత్తి సాధనాలు ప్రజలవైన దేశంలో కొలత సాధనాలు కూడా ప్రజలవై ఉండవలసింది. కాని 1982లో తూర్పు జర్మనీ ప్రభుత్వం పర్యావరణపు అంకెలను రహస్యపత్రాలుగా ప్రకటించింది. శ్రామికరాజ్యంలో శ్రామికుడు తాను పీల్చే గాలి లెక్క అడగరాదన్నమాట. ఏ జెండా నీడన దాచినా, దాచిన అంకె పాలకుడికే ఉపయోగం.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో అణుకేంద్రం పేలింది. 28 ఉదయాన, వెయ్యి కిలోమీటర్లకు మించిన దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణుకేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లమీద రేడియోధార్మికత బయటపడింది. తమ కేంద్రంలో లోపం లేదని తేల్చుకున్నాక, వారు గాలి వచ్చిన దారిని వెనక్కి గీశారు. ఆ గీత సోవియట్ భూభాగంలోకి పోయింది. ఆ సాయంత్రం మాస్కో క్లుప్తమైన ప్రకటన చేసింది. పొగనుబట్టి నిప్పును నిశ్చయించే పాత అనుమానమే ఇది. ఇక్కడ మాత్రం తార్కికుడి చేతిలో యంత్రమున్నది, తార్కికుడు వేరే దేశంలో ఉన్నాడు.

ఇక మన దేశం. 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. జాతీయ స్థాయిలో గాలి కొలత 1984లో ఆగ్రా, అన్‌పరాలలో ఏడు కేంద్రాలతో మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 2-3 తేదీల నడుమ రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ వెలువడింది. చలిరాత్రి, గాలి మందం, వాయువు గాలికంటె బరువైనది. అది పైకి లేవకుండా, గోడ అవతలి జయప్రకాశ్ నగర్ గుడిసెలమీదుగా నేలబారుగా పాకింది. ఏ వీధిలో ఎంత విషమున్నదో తర్వాత నమూనాలు కట్టి ఊహించవలసి వచ్చింది తప్ప, ఆ రాత్రి కొలిచిన అంకెలు లేవు. ఆ లోటు బాధితులను దశాబ్దాలపాటు వెంటాడింది. 56 వార్డులలో 36 వాయుపీడితమని సర్కారు పటంమీద గీత గీసింది. గీతకు ఇవతలివాడి దగ్గుకు ఖరీదున్నది, అవతలివాడి దగ్గుకు లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని వెంకటాపురంమీద స్టైరీన్ ఆవిరి పాకి 12 మంది చనిపోయినప్పుడు, ఊరిని లేపే సైరనైనా మోగలేదు.

దుర్ఘటనల మాట అటుంచి, రోజువారీ పొగ సంగతి చూద్దాం. 2015 డిసెంబరు దాకా మన థర్మల్ విద్యుత్కేంద్రాలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితి లేదు. ఉన్నది గొట్టం ఎత్తు నిబంధన: 500 మెగావాట్ల యూనిట్‌కు 275 మీటర్లు. సెయింట్ రోలాక్స్ యజమాని ఆలోచనే ఇక్కడ శాసనమైంది! 2015లో పరిమితులు వచ్చాయి. వాయువును కడిగే యంత్రాలు రెండేళ్ళలో అమర్చాలన్నారు. గడువు పదేపదే జరిగింది. 2025 జూలైలో కేంద్రప్రభుత్వం సుమారు నూటికి 78 యూనిట్లకు ఆ పరిమితినుంచి మినహాయింపు ఇచ్చింది. మినహాయింపుకు షరతు ఏమిటో తెలుసా? గొట్టం తగినంత ఎత్తుండటం.

ప్రభుత్వ వాదాన్ని న్యాయంగా చెప్పాలి. మన బొగ్గులో గంధకం తక్కువ; యంత్రాల ఖర్చు ఎక్కువ; దేశంలో దాదాపు అన్ని కేంద్రాలలోనూ గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపలే ఉన్నది. ఈ మూడో వాక్యం నిజమే; కాని ఆ నిజం గొట్టం ఎత్తు చేసిన నిజం. వాయువు దూరం పోయి సల్ఫేటు కణమయ్యాక, ఆ త్రాసు దానిని గంధకమని గుర్తించదు. సూక్ష్మధూళి ఖాతాలో పడుతుంది. ధూళికి రోడ్డుంది, వరిగడ్డి మంటలున్నాయి, పొయ్యిలున్నాయి. నింద పంచుకోవడానికి చాలామంది దొరుకుతారు. నిప్పు ఒకచోట వాయువుగా నిర్దోషి. పొగ మరోచోట ధూళిగా అనామకం. తెంచిన వ్యాప్తి అంటే ఇదే.

కొలిచేవారెవరన్నది చివరి ప్రశ్న. దేశంలోని కొలత కేంద్రాలలో చాలావాటిలో వారానికి రెండుసార్లు, ఏడాదికి 104 రోజులు మాత్రమే కొలుస్తారు. 2014 తర్వాత భారీ పరిశ్రమలు తమ గొట్టాలలో నిరంతర కొలత యంత్రాలు పెట్టాలన్నారు. ఆ యంత్రాన్ని కొనేదీ, నడిపేదీ ఆ పరిశ్రమే. దొంగ చేతికి తాళాలివ్వడమని నేననను. అందరు యజమానులూ దొంగలు కారు. కాని సంతలో ఏ రైతైనా కొనేవాడి త్రాసును తన కళ్ళతో చూసుకోకుండా ధాన్యం అమ్ముతాడా? విశాఖవంటి, చుట్టూ కొండలుండి గిన్నెలా అమరిన ఊరిలో, పగలు సముద్రపుగాలి లోనికి తోసి, రాత్రి నేలగాలి వెనక్కి తెచ్చే పొగను ఒకటిరెండు చోట్ల కొలిచి ఊరికంతటికీ సరాసరి చెబితే, ఆ సరాసరి గాలిని పీల్చే మనిషి ఊరిలో ఎక్కడా ఉండడు.

ఇందులో మన కళాశాలలు చేయగల పని ఉన్నది. స్వీడన్ పాత్రలు పెద్ద యంత్రాలు కావు. క్రమం తప్పక ఏళ్ళ తరబడి వాననీటిని పట్టి రాసి ఉంచిన ఓపిక అది. మా విజ్ఞానశాస్త్ర శాఖల సహోద్యోగులను, విద్యార్థులను నేను కోరేది అటువంటి పట్టికలనే. మండల కేంద్రంలో, గొట్టానికి గాలివాలున ఉన్న కూలీల వాడలో, ఒకే పద్ధతిలో, తేదీవారీగా వాటిని రాసి ఉంచాలి. సంఘాలు అడగవలసినవి రెండు. గొట్టంలోని యంత్రం చెప్పే అంకె ఆ ఊరి పంచాయతీ గోడమీద తెలుగులో కనబడాలి. కొలత కేంద్రం ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు అక్కడ పీల్చేవారి మాట వినాలి. ఈ రెండూ ఉంటే కోర్టుకు పోయే రైతు, మాడిన చేనుకు కారణమైన గొట్టం పేరు చెప్పగలడు.